కీళ్లవాతం: వాపు ఎముకను ఎలా తినేస్తుంది?

తుమ్మలపల్లె: తెల్లవారుజామున ఫజర్ నమాజుకి వజూ చేద్దామంటే వేళ్లు ముడుచుకోవు. గంట గడిస్తే గానీ పట్టు వదలదు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటల్లో పనికి వెళ్లేవాళ్లు దీన్ని అలసట అనుకుని నొప్పి బిళ్ల వేసుకోవడం మామూలే. కానీ అది కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అయితే, నొప్పి తగ్గినా లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది.

ఎముకలో జమాఖర్చు

ఎముక రాయిలా ఉండిపోయేది కాదు. రోజూ కొంత కరుగుతుంది, కొంత కొత్తగా చేరుతుంది. కట్టే కణాలు ఆస్టియోబ్లాస్ట్‌లు, కరిగించేవి ఆస్టియోక్లాస్ట్‌లు. మోనోసైట్ జాతి కణాలు కొన్ని కలిసిపోయి ఒక ఆస్టియోక్లాస్ట్ అవుతుంది. అది ఆమ్లంతో ఖనిజాన్ని, కేథెప్సిన్-కె అనే ఎంజైమ్‌తో ప్రొటీన్‌ను కరిగిస్తుంది. ఇది తయారు కావాలంటే ముఖ్యంగా 'ర్యాంక్-ఎల్' అనే సంకేతం అందాలి. దాన్ని అడ్డుకునే ప్రొటీన్ 'ఓపీజీ'. ఈ రెండూ సమతూకంలో ఉంటే జమ, ఖర్చు సరిపోతాయి.

వాపు వస్తే లెక్క తప్పుతుంది

కీళ్లవాతంలో రోగనిరోధక కణాలు సొంత కీళ్లపైనే దాడి చేస్తాయి. అప్పుడు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, 6, 17 అనే సైటోకైన్లు పెరుగుతాయి. ఇవి కీలు పొరలోని కణాల చేత ర్యాంక్-ఎల్‌ను ఎక్కువగా తయారు చేయిస్తాయి. టీఎన్ఎఫ్ అయితే ఆస్టియోక్లాస్ట్‌గా మారబోయే కణాలను నేరుగా కూడా ఉసిగొల్పుతుంది. అన్ని సైటోకైన్లూ ఇలా చేయవు. ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్ఫెరాన్-గామా లాంటివి ఆస్టియోక్లాస్ట్‌ల తయారీకి బ్రేకు వేస్తాయి.

మందులో మన తెలుగువాడు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధన విభాగాన్ని నడిపించారు. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే మందులు అక్కడే తయారయ్యాయి. మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. మొదట క్యాన్సర్‌కు వాడిన ఈ మందుకు అమెరికాలో 1988లో కీళ్లవాతానికి అనుమతి వచ్చింది. ఈరోజుకీ డాక్టర్లు ముందుగా రాసేది ఎక్కువగా ఇదే. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు తర్వాత వచ్చాయి.

గుర్తుంచుకోండి

నొప్పి బిళ్ల బాధను తగ్గిస్తుంది, ఎముకను కాపాడదు. స్టెరాయిడ్ సొంతంగా ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వేసుకునేది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు వాడకూడదు. వేళ్ల కీళ్లలో వాపు, పొద్దుటి బిగువు ఆరు వారాలు దాటినా తగ్గకపోతే ఇక ఆగొద్దు, డాక్టర్‌కు చూపించుకోండి. కరిగిపోయిన ఎముక మళ్లీ మునుపటిలా రావడం చాలా కష్టం.