డబ్బాలోకి చేరని టమాటా

2023 జూలైలో దేశంలోని పట్టణాలలో టమాటా కిలో ధర వంద రూపాయలు దాటింది. పత్రికలన్నీ ఆ ధరను గూర్చి గగ్గోలు పెట్టాయి. సెప్టెంబరు వచ్చేసరికి పత్తికొండ మార్కెట్టులో అదే టమాటా కిలో నాలుగైదు రూపాయలకు పడిపోయింది. కోత కూలి, బండి బాడుగ, కమీషను పోగా మిగిలేది లేక రైతులు గంపలను రోడ్డుమీదే కుమ్మరించారు. ఇది ఆ ఒక్క ఏడాది ముచ్చట కాదు. కుమ్మరించిన ప్రతిసారీ ఒకే మాట వినబడుతుంది: ఇక్కడ టమాటా ఫ్యాక్టరీ వుంటే ఈ గతి పట్టేది కాదు! ఎన్నికల సభల్లో అది వాగ్దానం, ధర్నాల్లో డిమాండు, మా తరగతి విద్యార్థులకు తిరుగులేని సత్యం. ఆ మాటలో నిజమెంతో తేలాలంటే, కూరగాయలను డబ్బాలో దాచే పరిశ్రమ ఎవరి అవసరంకోసం పుట్టిందో ముందు చూడాలి.

అది రైతుకోసం పుట్టలేదు. సైన్యంకోసం పుట్టింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో నికొలాస్ అప్పేర్ అనే మిఠాయిల వ్యాపారి కూరగాయలను, మాంసాన్ని గాజుసీసాలలో పెట్టి, బిరడా బిగించి, వేడినీళ్ళలో కాచి నెలల తరబడి నిలవ వుంచగలిగాడు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చి, పద్ధతిని పుస్తకంగా అచ్చువేయించింది. అలా కాచింది ఎందుకు చెడదో ఆయనకే తెలియదు. ఆ సంగతిని యాభై ఏళ్ళ తర్వాత పాశ్చర్ విప్పి చెప్పాడు. సిద్ధాంతాన్ని వెనక వదిలి ఆచరణ ముందు నడిచిన ఘట్టాలలో ఇదొకటి. ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ అదే 1810లో రేకుడబ్బాకు పేటెంటు పొందాడు. 1813 నాటికి డాంకిన్, హాల్‌ల ఫ్యాక్టరీ బ్రిటిష్ నౌకాదళానికి డబ్బాలు పంపుతూ వుంది. వాటిని ఉలీ సుత్తీ పెట్టి పగలగొట్టుకొని తినవలసి వచ్చేది! డబ్బా పుట్టిన నలభై ఏళ్ళకు గాని దాన్ని తెరిచే పనిముట్టు పుట్టలేదు. అప్పేర్ ఫ్యాక్టరీ మాత్రం నెపోలియన్ పతనం నాటి దండయాత్రలలో ధ్వంసమైంది. యుద్ధం పెంచినదాన్ని యుద్ధమే కూల్చింది. 1841లో ఆయన పేదరికంలో మరణించాడు.

గడ్డకట్టించే పద్ధతి తర్వాతిది. లాబ్రడార్ చలిలో పట్టిన చేప క్షణాల్లో గడ్డకట్టడం చూసిన అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్ఐ, 1920 దశకంలో అందుకు యంత్రాన్ని తయారుచేశాడు. 1930లో స్ప్రింగ్‌ఫీల్డు దుకాణాలలో ఆ సరుకు అమ్మకానికి వచ్చింది. బఠాణీకి దక్కిన ఆ భాగ్యం టమాటాకు దక్కలేదు. కరిగాక అది మెత్తబడి నీరుకారిపోతుంది. అయితే టమాటాలో పులుపు వుంది గనుక డబ్బాకు అది తేలిక. బఠాణీ, చిక్కుడు వంటివాటికి ఒత్తిడిపెట్టి 121 డిగ్రీల వేడి ఇవ్వాలి. టమాటాకు మరిగే నీటి వేడి చాలు. (మన పెద్దలు దీనికి రామములగ అని అందమైన పేరు పెట్టుకున్నారు. ఆ పేరు నిలవలేదు, కాయ నిలిచింది.)

ఇక లెక్క చూడండి. టమాటాలో నూటికి 94 పాళ్ళు నీరే. చిక్కని గుజ్జు ఒక కిలో తీయాలంటే సుమారు ఆరు కిలోల కాయ మరిగించాలి. కాయ కిలో ఇరవై రూపాయలుంటే ముడిసరుకే నూట ఇరవై! కాబట్టి రైతును ఏడిపించే ధరే ఫ్యాక్టరీకి గిట్టుబాటు ధర. ధర పెరిగిన నెలల్లో అది కొనదు, పడిపోయినప్పుడే కొంటుంది. దీన్ని యజమాని దుర్మార్గంగా చూపి ఊరుకోవడం తేలిక, కాని అది ఆ ఉత్పత్తి విధానంలోనే ఇమిడి వుంది.

సాక్ష్యానికి దూరం పోనక్కరలేదు. చిత్తూరు ప్రాంతంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కొదవ లేదు. అయినా 2025 వేసవిలో తోతాపురి ధర కూలింది. ఫ్యాక్టరీల గేట్లముందు కాయల బళ్ళు బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు నిర్ణయించి, అందులో 4 రూపాయలు తానే భరించవలసి వచ్చింది. అక్కడ యంత్రం లేక కాదు, బేరమాడే శక్తి రైతుకు లేక ఈ స్థితి వచ్చింది.

ఆ శక్తి ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు కొంత పత్తికొండ చరిత్రలోనే వుంది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక కలెక్టరై వచ్చిన థామస్ మన్రో, 1827 జూలై 6న ఈ ఊళ్ళోనే కలరాతో మరణించాడు. దయగల దొర అని జనం ఆయనను దేవుడిలా చెప్పుకున్నారు. కాని ఆయన పేరుతో స్థిరపడ్డ రైతువారీ పద్ధతి ప్రతి రైతునూ విడివిడిగా సర్కారుకు ఎదురు నిలబెట్టింది. శిస్తు రొక్కంలో కట్టాలి గనుక అంగడిముందూ అతడు ఒంటరిగానే నిలబడ్డాడు. ఈనాడు గంప దించుకొని దళారి రుమాలు వంక చూసే రైతు ఆ ఒంటరితనానికి వారసుడే.

గుజరాతులో ఖేడా పాడిరైతులు దీనికి భిన్నమైన దారి పట్టారు. పాల్సన్ కంపెనీ గుత్తాధిపత్యాన్ని ఎదిరించి 1946లో వారు ముందు సహకార సంఘం కట్టుకున్నారు. ఆనంద్‌లో పాలపొడి ఫ్యాక్టరీ వచ్చింది 1955లో. పాలు ఏడాది పొడుగునా వస్తాయి, టమాటా రాదు. కనుక పోలిక పూర్తిగా అతకదని ఒప్పుకుంటాను. అయినా సంఘానికీ ఫ్యాక్టరీకీ మధ్య నడిచిన ఆ తొమ్మిదేళ్ళు మనం చదవవలసినవి. పత్తికొండ ఫ్యాక్టరీని గూర్చి నేను విన్న ఉపన్యాసాలలో కోట్లు వున్నాయి, ఎకరాలు వున్నాయి. కాటా ఎవరి చేతిలో వుంటుందో, నారు పోయకముందే ధర రాసిస్తారో లేదో ఏ వక్తా చెప్పలేదు.