మంచె కింద కాపలా: తూర్పు కనుమల నాటు కుక్క

అరకు లోయ చుట్టుపక్కల కొండ గూడేల్లో పెరిగే కుక్క, ఎవరో జతలు ఎంచి తీర్చిన జాతి కాదు. అది దేశమంతటా ఉన్న నాటు కుక్కల కోవలోదే. మధ్యరకం ఒళ్లు, పొట్టి వెంట్రుకలు, నిక్కిన చెవులు, వీపు మీదికి వంకీ తిరిగిన తోక దాని గుర్తులు. బగత, కొండదొర, పోర్జ, గదబ, కోదు కుటుంబాలతో కలిసి బతికిన ఈ కుక్కకు పంట కాపలా, వేట, ఇంటి కాపలా అనే మూడు పనులుండేవి. దాని స్వభావం ఆ పనుల్లోనే స్థిరపడింది.

పోడు సేద్యంలో కొండవాలున చెట్లు నరికి, కాల్చి, సామ, చోడి, కొర్ర, కంది పండించేవారు. గింజ పట్టింది మొదలు కోత దాకా అడవిపందులు, ఏదుపందులు పంట మీద పడేవి. రాత్రుళ్లు మంచె మీద మనిషి, కింద కుక్క కాపలా ఉండేవారు. మనిషి చెవికి అందని అలికిడిని కుక్క ముందే పట్టి మొరిగేది. మనిషి కేకలతో, డప్పు చప్పుడుతో జంతువును తరిమేవాడు. ఇంటివారిని అంటిపెట్టుకోవడం, కొత్తవారిని దూరం నుంచే గమనించడం, మొరిగి హెచ్చరించడం ఈ కాపలా నేర్పిన గుణాలే.

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు మగవారు గుంపుగా వేటకు వెళ్లేవారు. వాసన పట్టి జంతువును పొదల్లోంచి లేపడం కుక్కల వంతు. వట్టి చేతులతో తిరిగొచ్చినవారిపై ఆడవారు పేడనీళ్లు చల్లడం ఆచారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. పండుగ కొనసాగింది గాని వేట తగ్గుతూ వచ్చింది. చాలా వాలుల్లో పోడు స్థానంలో కాఫీ, మిరియాల తోటలు పెరిగాయి. కుక్కకు ఇప్పుడు మిగిలిన ప్రధానమైన పని ఇల్లు, మేకల కాపలా.

పోషణ మాత్రం పాత పద్ధతిలోనే సాగింది. చోడి అంబలి, మిగిలిన అన్నం, ఎముకలు దాని తిండి. తోడేలు కన్నా కుక్క పిండిపదార్థాన్ని బాగా అరిగించుకోగలదని 2013లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. అంబలితో ఈ కుక్కలు బతకగలగడానికి అదొక కారణం కావచ్చు. అయితే పాలిచ్చే తల్లికి, ఎదిగే పిల్లలకు గుడ్డు, చేప, మాంసం వంటివి అవసరం. పట్టణాల్లో పెంచే పామరేనియన్‌లా రోజూ దువ్వాల్సిన దట్టమైన బొచ్చు దీనికి లేదు. వానాకాలంలో చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు చూసి తీయాలి. చిరుత తిరిగే చోట రాత్రి ఇంట్లోనే ఉంచాలి. తిరుగుతూ పని చేసిన కుక్క గనుక రోజంతా గొలుసుకు కట్టేస్తే చిరాకుపడి కరవడం మొదలుపెట్టవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం రేబిస్ టీకా. పిల్లకు మూడు నెలల వయసులో వేయించి, తర్వాత ఏటా పశువైద్యుడు చెప్పినట్టు వేయించాలి. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు కనిపించాక ఈ జబ్బు నుంచి బతకడం దాదాపు అసాధ్యం. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించారు. కుక్కలను చంపకుండా, సంతానం కలగకుండా చేసే శస్త్రచికిత్సతో వాటి సంఖ్యను, టీకాలతో రేబిస్‌ను అదుపు చేయాలని 2001లోనూ 2023లోనూ వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఒకప్పుడు కుక్క చేసే పనే దానికి తిండినీ చోటునూ సంపాదించి పెట్టేది. ఆ పని తగ్గిన ఈ కాలంలో టీకా, తిండి, కుక్కల సంతాన నియంత్రణ గూడెం పూనుకుని చేయాల్సిన బాధ్యతలు.