ఖాళీ వీధి నిజంగా ఖాళీయేనా?

పాత కాలపు గుడి ఫోటో తరగతిలో చూపించండి. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "టీచర్, ఇక్కడ మనుషులెవరూ లేరేం?" ఆ ప్రశ్నని దాటేయకండి. చరిత్ర పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

మధురైనే తీసుకుందాం. 1858లో లినేయస్ ట్రైప్ అనే ఆయన మీనాక్షి గుడినీ, దాని ఎదుట ఉన్న పుదుమండపాన్నీ, తిరుమల నాయకుడి మహలునీ ఫోటోలు తీశాడు. ఆయన ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యంలో కెప్టెన్, మద్రాసు ప్రభుత్వానికి ఫోటోగ్రాఫరు. పుదుమండపం కట్టించిన తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా పాలించాడు. మధురై నాయకులది తెలుగు మూలం. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట పిల్లలకి చెప్పండి, ఊరు కాస్త దగ్గరవుతుంది.

ట్రైప్ ఫోటోల్లో స్తంభాల మీది శిల్పాలు చక్కగా కనిపిస్తాయి. మనుషులు మాత్రం చాలా అరుదు. మధురై అలాంటి ఊరు కాదు కదా! గుడి చుట్టూ చదరాల్లో చదరాలుగా వీధులుంటాయి. వాటికి ఆడి, చిత్తిరై, మాసి అని తమిళ నెలల పేర్లు. పూలమ్మేవాళ్ళు, భక్తులు, ఊరేగింపులు, వీటితోనే ఆ వీధులు బతుకుతాయి. మరి వాళ్ళంతా ఏమైపోయారు?

దీనికి రెండు కారణాలు చెప్పండి. మొదటిది పరికరం. ట్రైప్ ఎక్కువగా మైనం పట్టించిన కాగితాన్ని నెగెటివ్‌గా వాడేవాడు. వెలుతురు దాని మీద మెల్లగా పనిచేసేది. ఒక్కోసారి నిమిషాల తరబడి కెమెరా తెరిచి ఉంచాల్సి వచ్చేది. రాయి కదలదు కాబట్టి ఫోటోలో నిలిచింది. నడిచిపోయే మనిషి మసకగా పడ్డాడు, లేదా అసలు పడనే లేదు. రెండోది ఉద్దేశం. ఆయన్ని పంపిన ప్రభుత్వానికి కావలసింది కట్టడాల రికార్డు, పూలమ్మి బతుకు కాదు. ఇంకో సంగతి, ఆకాశం సరిగ్గా రాకపోతే ట్రైప్ నెగెటివ్ మీద చేత్తో మబ్బులు దిద్దేవాడు! ఫోటోని దిద్దడం ఫోన్లతో పుట్టిన అలవాటు కాదని తెలిస్తే పిల్లలు భలే ఆశ్చర్యపోతారు.

తర్వాత ముప్ఫై ఏళ్ళలో పరిస్థితి మారింది. వేగంగా పనిచేసే గాజు డ్రై ప్లేట్లు వచ్చాయి. సికిందరాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేశాడు. ఆయన తీసిన హైదరాబాదు ఫోటోల్లో చార్మినార్‌తో పాటు దాని కింద తిరిగే జనం కూడా ఉన్నారు. 1888లో చేత్తో పట్టుకునే కొడాక్ కెమెరా వచ్చింది. రానురాను మామూలు కుటుంబాలు కూడా ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు మీ ఇంటి ఆల్బం సంగతి చూద్దాం. గుడి ముందు నిలబడ్డ తాతయ్య, అమ్మమ్మ. వెనకాల కొబ్బరికాయల కొట్టు, ఒక రిక్షా, ఎవరో ఒకావిడ. ఆమె ఎవరు? అది ఏ ఊరు? చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఒకరిద్దరే ఉంటారు. వాళ్ళు ఉండగా అడగకపోతే ఆ వీధి కూడా ట్రైప్ వీధిలాగే ఖాళీ అయిపోతుంది. ఈసారి తప్పు కెమెరాది కాదు, మనది.

అందుకే ఈ వారం ఇంటిపని ఇలా ఇవ్వండి. పిల్లలు ఒక పాత ఫోటో తీసుకుని, ఇండియాకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు తెలుగులోనే అడగాలి: ఇది ఎక్కడ? ఇందులో ఎవరెవరు? ఫోటోలో పడనివాళ్ళు ఎవరు? మూడోదానికి జవాబు చాలాసార్లు ఫోటో తీసిన మనిషే అవుతుంది! విన్నది ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయమనండి. బాల్ పెన్ను వద్దు, ముందువైపు అచ్చు పడుతుంది.

సెలవులకి ఇండియా వెళ్ళే పిల్లలకి ఇంకో పని. గోపురంతో పాటు దాని ముందు కూర్చున్న పూలావిడని కూడా ఫోటో తీయమనండి. కానీ ముందు ఒక వాక్యం నేర్పి పంపండి: "అమ్మా, ఒక ఫోటో తీసుకోవచ్చా?" వద్దంటే ఊరుకోవాలి. సరేనంటే పేరడిగి రాసుకోవాలి.