సీసాల్లో గుండెలు చూపి పాఠం చెప్పిన మాడ్ అబాట్

1910లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఒక మహిళకు గౌరవ వైద్య పట్టా ఇచ్చింది. అప్పటికే ఆవిడ అక్కడి వైద్య విద్యార్థులకు పదేళ్లుగా పాథాలజీ నేర్పుతున్నారు. ఆవిడ రాసిన ఒక అధ్యాయం అప్పటికే గుండె వైద్యులకు ప్రమాణంగా మారింది. అంతకు రెండు దశాబ్దాల ముందు ఇదే విశ్వవిద్యాలయం, ఆడపిల్లలను వైద్యంలో చేర్చుకోబోమని చెప్పి ఆవిడను గుమ్మంలోంచే తిప్పి పంపింది. ఆవిడ పేరు మాడ్ అబాట్.

వైద్యంలో గొప్ప గురువుల పేర్లు చెప్పమంటే చాలామంది సర్జన్లనో, ఫిజీషియన్లనో తలుచుకుంటారు. పాథాలజిస్టు రోగికి ఎదురుపడడు. బయాప్సీ రిపోర్టు అడుగున సంతకంగా మాత్రమే తెలుస్తాడు. ఆ సంతకం పెట్టడం నేర్పిన మేష్టారు ఇంకా చాటునే ఉండిపోతారు. అలాంటి చాటు మనిషే మాడ్ అబాట్. ఆవిడ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒకటుంది. మంచి అధ్యాపకురాలు తయారు కావడానికి ఒక పెద్దమనిషి మాట సాయం చాలింది. ఆమెకు తగిన హోదా ఇవ్వడానికి మాత్రం ఒక సంస్థకు జీవితకాలం కూడా చాలలేదు.

1868లో క్యుబెక్ రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టారు. తండ్రి విడిచి వెళ్లిపోయాడు. కూతురికి ఏడాది నిండకముందే తల్లి క్షయతో పోయింది. అమ్మమ్మ పెంచి తన ఇంటిపేరే ఇచ్చింది. మెక్‌గిల్‌లో ఆర్ట్స్ కోర్సులకు ఆడపిల్లలను 1884 నుంచే తీసుకుంటున్నారు కాబట్టి అందులో చేరి, 1890లో బంగారు పతకంతో బయటికొచ్చారు. వైద్యం చదవాలని పట్టుబట్టి దరఖాస్తు పెడితే కుదరదన్నారు. మెక్‌గిల్ ఉన్న మాంట్రియల్‌లోనే ఉన్న బిషప్స్ కళాశాల వైద్య విభాగం సీటిచ్చింది. 1894లో ఎం.డి. పూర్తిచేసి, వియన్నా వంటి చోట్ల మూడేళ్లు చదువుకుని మాంట్రియల్ తిరిగొచ్చారు. వియన్నాలో శవపరీక్షల దగ్గర నిలబడి నేర్చుకున్న పాథాలజీయే తర్వాత అక్కరకొచ్చింది.

1898లో మెక్‌గిల్‌లో పాథాలజీ ప్రొఫెసర్‌గా ఉన్న జార్జ్ అడామి ఆమెను వైద్య మ్యూజియానికి సహాయ క్యూరేటర్‌గా తీసుకున్నారు. విద్యార్థిగా పనికిరాదన్న చోటికే ఉద్యోగిగా వెళ్లారన్నమాట. పేరుకు మ్యూజియమే గానీ అక్కడున్నవి దశాబ్దాలుగా పోగుపడిన సీసాలు. వాటిలో జబ్బుపడిన కాలేయాలు, మూత్రపిండాలు, గుండెలు. ఏది ఏ రోగిదో, ఆ మనిషి ఏ బాధతో పోయాడో చెప్పే వివరం చాలావాటికి లేదు.

ఆ ఏడాది చివర్లో ఇతర మ్యూజియాలు ఎలా నడుపుతున్నారో చూడ్డానికి ఆమె వాషింగ్టన్, బాల్టిమోర్ వెళ్లారు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ప్రొఫెసర్ విలియం ఆస్లర్‌ను కలిశారు. ఆస్లర్ ఒకప్పుడు మెక్‌గిల్‌లోనే పనిచేశారు. మాంట్రియల్ జనరల్ ఆసుపత్రిలో వందలాది శవపరీక్షలు చేసి, స్పెసిమెన్లు ఆ మ్యూజియంలోనే భద్రపరిచారు. మీ చేతిలో ఎంత గొప్ప అవకాశం ఉందో మీకు తెలుసా అన్న అర్థంలో ఆయన ఆమెతో మాట్లాడారు. మనిషి బతికుండగా పడిన బాధనూ, చనిపోయాక అవయవంలో కనిపించిన మార్పునూ పక్కపక్కన పెట్టి చూపగలిగితే అంతకు మించిన పాఠం లేదని ఆయన నమ్మకం. గుమాస్తా పనిలా మొదలైన ఉద్యోగం ఆ రోజు నుంచి మాడ్ అబాట్‌కు జీవిత లక్ష్యమైంది. ఆ మాట తన బతుకునే మార్చిందని తర్వాత ఆవిడే చెప్పుకున్నారు.

మ్యూజియం సర్దుతుండగా ఒక వింత గుండె బయటపడింది. మామూలుగా గుండెకు పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు ఉంటాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం ఒక పక్కన, ఒళ్లంతా తిరిగొచ్చిన చెడు రక్తం ఇంకో పక్కన, ఒకదాంతో ఒకటి కలవకుండా నడుస్తాయి. ఈ గుండెలో అలా లేదు. పైనున్న రెండు గదుల రక్తమూ కిందనున్న ఒకే పెద్ద గదిలోకి దిగుతోంది. ఊపిరితిత్తులకు పోయే ధమని మాత్రం ఆ పెద్ద గదికి అంటుకుని ఉన్న ఓ చిన్న గదిలోంచి బయల్దేరుతోంది. అంటే మంచీ చెడూ కలిసిన రక్తమే ఆ మనిషి ఒంట్లో తిరిగింది. అయినా అతను ఇరవై ఏళ్లు దాటేదాకా బతికాడు. ఇది ఎవరి గుండె? చీటీ మీద ఆ వివరం లేదు. ఆమె ఆస్లర్‌కు ఉత్తరం రాశారు. మెక్‌గిల్ వైద్య విభాగానికి మొదటి డీన్ అయిన ఆండ్రూ హోమ్స్ స్వయంగా పరీక్షించి, 1824లో ఎడిన్‌బరోలో ప్రచురించిన కేసు ఇదేనని ఆయన నుంచి జవాబొచ్చింది. ఆ పాత వ్యాసాన్ని వెతికి పట్టుకుని, తన వివరణ జోడించి 1901లో ఆమె మళ్లీ అచ్చువేయించారు. వైద్య గ్రంథాల్లో ‘హోమ్స్ హార్ట్’ అని కనబడేది ఈ గుండే. పుట్టుకతో వచ్చే గుండె లోపాల మీద ఆమెకు ఆసక్తి పుట్టింది ఇక్కడే.

1901లో పూర్తి స్థాయి క్యూరేటర్ అయ్యారు. మ్యూజియం ఒక క్రమంలోకి వస్తున్న కొద్దీ విద్యార్థులు తమంతట తామే రావడం మొదలుపెట్టారు. పాఠ్యప్రణాళికలో లేదు, హాజరు లేదు, మార్కులు లేవు. ఆమె ఒక్కో సీసా చూపించి వివరిస్తుంటే చుట్టూ గుమిగూడి వినేవారు. ఆ తరగతులకు ఎంత పేరొచ్చిందంటే 1904 నాటికి కళాశాల వాటిని తప్పనిసరి చేయాల్సి వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మెక్‌గిల్ వైద్య విభాగం అమ్మాయిలను చేర్చుకున్నది 1918లో. అప్పటిదాకా ఆమె శిష్యులందరూ మగపిల్లలే. తనకు దక్కని చదువును తన తర్వాతి అమ్మాయిలకూ దక్కనివ్వని చోట, ఆ మగపిల్లలకు ఏ లోటూ రానివ్వకుండా రెండు దశాబ్దాలు పాఠం చెప్పారు.

ఆస్లర్ తాను సంపాదకత్వం వహిస్తున్న బృహత్ వైద్యగ్రంథంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల అధ్యాయం రాసే పని ఆమెకు అప్పగించారు. 1908లో అచ్చయిన ఆ అధ్యాయానికి ఆధారం 412 కేసులు. ప్రతి కేసులో లోపం ఏమిటి, రోగి ఏ వయసులో పోయాడు, ఒళ్లు నీలంగా మారిందా లేదా అన్నవన్నీ పట్టికలుగా వేశారు. అప్పటిదాకా ఇవి ప్రకృతి వింతలు, వైద్యుడు చేయగలిగింది ఏమీ లేదు అనుకునేవారు. చనిపోయాక కోసి చూస్తే తప్ప తెలియని లోపాన్ని బతికుండగానే గుర్తుపట్టే దారి ఆ పట్టికల్లో దొరికింది. ఇంగ్లీషులో, బహుశా ఏ భాషలోనూ, ఈ విషయం మీద ఇంత మంచి రచన రాలేదని ఆస్లర్ ఆమెకు రాశారు.

ఆ అధ్యాయం రాస్తున్న రోజుల్లోనే, 1907లో, వైద్య కళాశాల భవనం కాలిపోయింది. మ్యూజియంలో చాలా భాగం బూడిదైంది. హోమ్స్ గుండె దక్కింది. మిగిలినవి ఏరుకుని, పోయినవాటి బదులు ఇతర దేశాల మ్యూజియాలను అడిగి తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఇంచుమించు అదే సమయంలో అంతర్జాతీయ వైద్య మ్యూజియంల సంఘం ఏర్పడింది. ఆవిడే కార్యదర్శి, ఆవిడే బులెటిన్ సంపాదకురాలు. ఒక కళాశాలలో ఎక్కువగా ఉన్న స్పెసిమెన్లు లేనిచోటికి పంపడం, భద్రపరిచే పద్ధతులు ఒకరికొకరు నేర్పుకోవడం ఆ సంఘం పని. తను ఒక్కతే మంచి టీచరైతే సరిపోదని, ప్రతి కళాశాలలో ఇలాంటి వాళ్లుండాలని ఆమె పట్టుదల. నా దృష్టిలో ఆవిడ చేసిన పనులన్నింటిలో ఇదే పెద్దది. ఆ సంఘమే 1955లో ఇంటర్నేషనల్ అకాడమీ ఆఫ్ పాథాలజీగా మారింది. దానికి భారత శాఖ కూడా ఉంది.

మరి మెక్‌గిల్ ఆమెకు ఏమిచ్చింది? 1910లో గౌరవ పట్టాతో పాటు లెక్చరర్ హోదా. 1923లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల పాథాలజీ విభాగం నడపమని పిలిస్తే వెళ్లి రెండేళ్లు నడిపారు. తిరిగొచ్చాక అసిస్టెంట్ ప్రొఫెసర్ చేశారు. 1936లో రిటైరయ్యే నాటికీ అదే హోదా. ఆ ఏడే వెయ్యి కేసులతో ఆమె ‘అట్లాస్ ఆఫ్ కంజెనిటల్ కార్డియాక్ డిసీజ్’ న్యూయార్క్‌లో వెలువడింది. ఆమె దగ్గర ఎంతో నేర్చుకున్న పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టౌసిగ్, సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్, ఆయన ప్రయోగశాల సహాయకుడు వివియన్ థామస్ కలిసి 1944లో బాల్టిమోర్‌లో, గుండె లోపంతో ఒళ్లు నీలంగా మారే ‘నీలి శిశువులకు’ ఆపరేషన్ మొదలుపెట్టారు. అది చూడ్డానికి మాడ్ అబాట్ లేరు. 1940 సెప్టెంబరులో ఆమె కన్నుమూశారు. మెక్సికో నగరంలోని హృద్రోగ సంస్థ గోడ మీద దియెగో రివేరా గీసిన గుండె వైద్య చరిత్ర చిత్రంలోని ప్రముఖులలో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆవిడే. మెక్‌గిల్ తన వైద్య మ్యూజియానికి ఆమె పేరు పెట్టింది, అదీ ఈ శతాబ్దంలో. గౌరవ పట్టాలు, పేర్లు మంచివే. కానీ పాఠం చెబుతున్న కాలంలో ఇవ్వాల్సిన ప్రొఫెసర్ పదవికి అవేవీ సమానం కావు. మెక్‌గిల్ ఆమెకు అన్యాయం చేసిందనే నేనంటాను.

మనమూ గురువులను పదవులతోనే గుర్తుపెట్టుకుంటున్నాం. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారిని ఎయిమ్స్ డైరెక్టర్‌గా, భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా చెప్పుకుంటాం. ఆయన ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్ అన్న సంగతి ఎంతమందికి తెలుసు?

మన వైద్య కళాశాలల్లో పాథాలజీ మ్యూజియాలు ఉన్నాయి. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో వాటి ముందు నిలబడని డాక్టరు ఉండడు. ఆ స్పెసిమెన్లను ఓపిగ్గా సేకరించి, ఫార్మలిన్ మార్చి, చీటీలు రాసి, వాటి పక్కన నిలబడి మీకు పాఠం చెప్పిన మేష్టారి పేరు మీకు గుర్తుండే ఉంటుంది. వారు బతికుంటే ఇప్పుడే వెళ్లి కలవండి. ఏ సీసా వెనక ఏ రోగి కథ ఉందో అడిగి రాసిపెట్టండి. ఆ కాగితాన్ని మీ కళాశాల లైబ్రరీకి ఇవ్వండి.