దాశరథిగారి కృతిపతి

గౌడవెల్లి ప్రక్కగా పోవు రైలుమార్గమును పెద్దలందరు ఎరుగుదురు. నిజాము ప్రభుత్వ కాలమున, 19వ శతాబ్ది చివరి యేండ్లలో వేసిన యీ దారి సికింద్రాబాదున బయలుదేరి, బొల్లారము, గౌడవెల్లి, మేడ్చలు దాటి, కామారెడ్డి మీదుగా నిజామాబాదు చేరును. ఈ దారికి మొదట ఒక గ్రంథమాలయు, ముందుకు పోగా ఒక జైలును ఉండెడివి. ఆ రెంటిని ముడివేసిన ఒక స్నేహమును గూర్చి మనవి చేసెదను. స్నేహితులలో పెద్దవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. చిన్నవారు కవి దాశరథి కృష్ణమాచార్యులవారు.

ఆళ్వారుస్వామిగారు 1915వ సంవత్సరమున నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమున పేద కుటుంబమున జన్మించిరి. బడికి పోవు యోగము వారికి లేదు. ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు అక్షరములు నేర్చిరి. హోటలులో బల్లలు తుడిచిరి; అచ్చుకూటపు ప్రూఫులు దిద్దిరి. ఇట్టి వాడు గ్రంథప్రకటనకు పూనుకొనుట ఆ కాలమున ఎంత సాహసమో తలచుకొనవలెను. రాజ్యభాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. తెలంగాణమున కవులే లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను చూపవలసి వచ్చెను. కవులుండిరి సరే, వారిని చదువుటకు పల్లెకు పుస్తక మెట్లు చేరవలెను?

1938 ఏప్రిలులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కాలధర్మము చెందిరి. అమృతాంజనపు సీసా నెరుగని యిల్లు లేదు గదా, ఆ పంతులుగారే. ఆ మందుపై వచ్చిన ధనముతో ఆంధ్రపత్రికను, ఆంధ్ర గ్రంథమాలను నడిపిన దాత. ఆ సంవత్సరముననే ఆళ్వారుస్వామిగారు సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. గతించిన పెద్దకు శిలావిగ్రహము నెత్తుటకు ఈయన చేత డబ్బు లేదు; ఆయన చేసిన పనినే తానును ఎత్తుకొనిరి. ముప్పదికి మించి పుస్తకములు ప్రకటించి, మూట మోసికొని, ఇంటింటికి తిరిగి తామే అమ్మిరి. ప్రకటనకర్తయు, కూలియు, వర్తకుడును ఒక్కరే.

ఇక జైలు సంగతి. 1942 ఉద్యమమున ఒకమారు చెర చూచిన ఆళ్వారుస్వామిగారు నిజాము పాలన చివరి దినములలో మరల బంధితులైరి. నిజామునకు ఎదురు నిలిచి పద్యము చెప్పిన నేరమునకు దాశరథిగారును పట్టువడిరి. నిజామాబాదు ఖిల్లాలోని జైలున ఇరువురు కలిసిరి. ఒకరికి ముప్పది దాటినవి, మరొకరు ఇరువది రెండేండ్లవారు. కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గే సిరాయయ్యెను, గోడయే తాళపత్రమయ్యెను. పద్యము గోడ కెక్కును, అధికారులు తుడిపింతురు, మరల ఎక్కును. దెబ్బలును తప్పలేదు. కవికి పద్యము చెప్పుట ఒక్కటే చాలదు, విని నిలుపుకొను వాడొకడు కావలెను. ఊరూర పుస్తకము మోసిన మనిషి చెరలో మిత్రుని పద్యమును మోసెను.

1948 సెప్టెంబరున నిజాము పాలన ముగిసెను. మరుసటి యేట దాశరథిగారి అగ్నిధార వెలువడెను. దానికి కృతిపతి ఎవరు? మన పూర్వకవులలో పెద్దనగారు మనుచరిత్రను కృష్ణదేవరాయల కిచ్చిరి. శ్రీనాథుడు కాశీఖండమును వీరభద్రారెడ్డి కిచ్చెను. పోతనగారు రాజులను కాదని శ్రీరామున కిచ్చిరి. కృతి నందుకొనువాడు కనకాభిషేకము చేయగలవాడో, మోక్ష మీయగలవాడో కావలెనని మనవారి భావము. దాశరథిగారు తన కావ్యమును ఆళ్వారుస్వామి కిచ్చిరి. ఒకనాడు హోటలున నీళ్లందించిన వాడు రాయల పక్కన కూర్చుండెను! ఆ గౌరవము జీవించియుండగనే అందినది. మిత్రుడు పోయిన వెనుక విలపించు కవులు పెక్కుమంది కలరు గాని, ఎదుట నుండగనే ఇట్లు చేసినవారు అరుదు.

ఇతరుల రచనలు మోయుటలో వయస్సు గడచినందున ఆళ్వారుస్వామిగారి సొంత రచన కొంచెమే. జైలు లోపల అను కథలు 1952లోను, ప్రజల మనిషి అను నవల 1955లోను వచ్చినవి. నవలకే పేరెక్కువ; వెట్టిచాకిరి, దొరల పెత్తనము, పల్లె మేల్కొనుట అందు కలవు. నాకు మాత్రము ఆ కథలే మిన్న. దొంగయని, హంతకుడని లోకము విడిచినవారి ప్రక్కన కూర్చుండి, వారి నోటి మాట విని వ్రాసినవి అవి. తీర్పు చెప్పవలెనను తొందర వానిలో ఎక్కడను లేదు.

ప్రజల మనిషికి తరువాయిగా గంగు అను నవల మొదలిడిరి. అది పూర్తి కాలేదు. 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలుబదియారవ యేట, వారు కన్నుమూసిరి. ఆ అసంపూర్ణ నవల 1965లో అచ్చయినది. దాశరథిగారు ఆ తరువాత ఇరువదియారేండ్లు జీవించి, ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవియై, 1987 నవంబరు 5వ తేదీన గతించిరి. ఆస్థానకవి పదవి 1977లో వారికి లభించినపుడు, వారి తొలి కృతిపతి లేకపోయి పదునారేండ్లు.