స్కాట్స్ పదాల వర్ణక్రమ భేదాల గుర్తింపు

స్కాట్స్ పదాల వర్ణక్రమ భేదాల గుర్తింపు అనగా స్కాట్స్ భాషలో ఒకే పదానికి వేరువేరు కాలాలలో, వేరువేరు ప్రాంతాలలో వాడిన పలు స్పెల్లింగులను కంప్యూటరు సాయంతో ఒకచోట చేర్చే ప్రక్రియ. ఇందులో ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది అక్షరాల వరుసలను పోల్చుట, రెండవది ఉచ్చారణను పోల్చుట. నిఘంటు నిర్మాణానికి, భాషాచరిత్ర పరిశోధనకు, పాత గ్రంథాలలో పదాలను వెదకుటకు ఇది అవసరం. ఒక్క స్పెల్లింగుతో వెదికితే పదం యొక్క చరిత్రలో కొద్ది భాగం మాత్రమే లభిస్తుంది.

స్కాట్స్ భాష

స్కాట్స్ జర్మానిక్ కుటుంబానికి చెందిన భాష, ఇంగ్లీషుకు సోదర భాష. కెల్టిక్ కుటుంబానికి చెందిన స్కాటిష్ గేలిక్ దీనికి భిన్నమైనది. స్కాట్లాండు పల్లపు ప్రాంతాలలోను, ఉత్తర దీవులలోను, ఐర్లాండులోని అల్‌స్టర్ ప్రాంతంలోను స్కాట్స్ మాట్లాడతారు. 2022 జనాభా లెక్కలలో స్కాట్లాండులో సుమారు 15 లక్షల మంది తాము ఈ భాష మాట్లాడగలమని తెలిపారు.

15, 16 శతాబ్దాలలో ఇది రాజాస్థాన భాష, న్యాయస్థాన భాష. 1560 నాటి మత సంస్కరణ తరువాత ఇంగ్లీషు బైబిలు వాడుకలోకి వచ్చింది. 1603లో ఆరవ జేమ్సు రాజు లండనుకు తరలిపోయాడు. 1707లో రెండు దేశాల పార్లమెంటులు ఏకమయ్యాయి. ఈ పరిణామాలతో అధికార వ్యవహారాలలో ఇంగ్లీషు స్థిరపడింది. అందుచేత స్కాట్స్‌కు అందరూ పాటించే ఒకే వర్ణక్రమం ఏర్పడలేదు.

భేదాలకు కారణాలు

తెలుగులో 'గుఱ్ఱము', 'గుర్రం' వంటి రూపభేదాలు ఉన్నా పాఠకుడు వాటిని సులభంగా పోల్చుకోగలడు. స్కాట్స్‌లో భేదాలు ఇంతకంటే చాలా ఎక్కువ. ముఖ్య కారణాలు ఇవి:

* పాత లేఖన సంప్రదాయం: ఇంగ్లీషులో డబ్ల్యు-హెచ్ రాసే చోట పాత స్కాట్స్‌లో క్యూ-యు-హెచ్ రాసేవారు. 'ఏమిటి' అనే అర్థం గల పదాన్ని క్యూ-యు-హెచ్-ఎ-టి అని రాసారు.
* ముద్రణ: 'యోఖ్' అనే పాత అక్షరానికి అచ్చు లేనప్పుడు ముద్రాపకులు దాని స్థానంలో జెడ్ వాడారు. అందువలన 'సంవత్సరం' అనే అర్థం గల పదం జెడ్-ఇ-ఐ-ఆర్ అని కనబడుతుంది. దాని మొదటి ధ్వని మాత్రం 'య'.
* మాండలికాలు: 'మంచి' అనే అర్థం గల పదాన్ని జి-యు-డి-ఇ అని, జి-యు-ఐ-డి అని రాస్తారు. ఈశాన్య స్కాట్లాండులో దానిని 'గ్వీడ్' అని పలుకుతూ జి-డబ్ల్యు-ఇ-ఇ-డి అని రాస్తారు.
* ఇంగ్లీషు ప్రభావం: 18వ శతాబ్దపు కవులు, ప్రచురణకర్తలు ఇంగ్లీషులో ఉండే అక్షరం స్కాట్స్‌లో లోపించినట్లు చూపుతూ లోపచిహ్నం పెట్టారు. 1947లో కవులు రూపొందించిన స్కాట్స్ స్టైల్ షీటు ఈ చిహ్నాన్ని తొలగించమని సూచించింది.

అక్షరాల పోలిక

ఒక పదాన్ని మరొక పదంగా మార్చుటకు ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసివేయాలో, మార్చాలో లెక్కించే కొలతను లెవెన్‌స్టైన్ దూరం అంటారు. దీనిని సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించాడు. జి-యు-డి-ఇ, జి-యు-ఐ-డి రూపాల మధ్య దూరం 2. కాని జి-యు-డి-ఇకి, 'మొరటు' అనే అర్థం గల ఆర్-యు-డి-ఇకి మధ్య దూరం 1 మాత్రమే. అనగా ఈ కొలత ప్రకారం అదే పదపు రెండవ రూపం కంటే సంబంధం లేని పదమే దగ్గరిది. చిన్న పదాలలో ఈ లోపం మరింత ఎక్కువ.

ధ్వని పోలిక

సౌండెక్స్ పద్ధతికి రాబర్ట్ రస్సెల్ 1918లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఇది మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలి, దగ్గరి ధ్వనులు గల హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. పైన చెప్పిన 'మంచి' రూపాలు మూడింటికీ జి300 అనే సంకేతమే వస్తుంది. అయితే 'బంగారం' అనే అర్థం గల జి-ఓ-డబ్ల్యు-డి, 'వెళ్ళెను' అనే అర్థం గల జి-ఎ-ఇ-డి కూడా అదే సంకేతం పొందుతాయి. మరొక వైపు, మొదటి అక్షరం మారితే ఈ పద్ధతి పనిచేయదు. 'ఏమిటి' పదపు పాత రూపానికి క్యూ300, ఇంగ్లీషు రూపానికి డబ్ల్యు300, ఈశాన్య మాండలికపు ఎఫ్-ఐ-టి రూపానికి ఎఫ్300 వస్తాయి.

లారెన్స్ ఫిలిప్స్ 1990లో రూపొందించిన మెటాఫోన్ పద్ధతి ఇంగ్లీషు ఉచ్చారణ నియమాలపై ఆధారపడింది. 'రాత్రి' అనే అర్థం గల ఇంగ్లీషు పదంలోని జి-హెచ్‌ను అది నిశ్శబ్దంగా తీసుకుంటుంది. అదే పదానికి స్కాట్స్‌లో సి-హెచ్ రాసి, గొంతు నుండి 'ఖ' వంటి ధ్వని పలుకుతారు. మెటాఫోన్ దానిని 'చ' వర్గపు ధ్వనిగా భావించి రెండు రూపాలనూ వేరు చేస్తుంది.

మిశ్రమ పద్ధతులు

పై లోపాల వలన స్కాట్స్ చరిత్ర నుండి తీసిన నియమాలను కొలతకు జతచేయుట మేలు. ఉదాహరణకు క్యూ-యు-హెచ్, డబ్ల్యు-హెచ్, ఎఫ్ సమానమని నియమం పెడితే క్యూ-యు-హెచ్-ఎ-టి, ఎఫ్-ఐ-టి మధ్య దూరం 4 నుండి 1కి తగ్గుతుంది. అయితే స్కాట్స్‌లో ఎఫ్-ఐ-టి అంటే 'పాదం' అని కూడా అర్థం ఉంది. ఏ అర్థమో వాక్యాన్ని బట్టి నిర్ణయించాలి.

లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో తొలి ఆధునిక ఇంగ్లీషు కొరకు తయారైన 'వార్డ్' సాఫ్ట్‌వేరు తెలిసిన రూపాల జాబితా, అక్షర మార్పిడి నియమాలు, ధ్వని పోలిక, అక్షర దూరం అనే నాలుగింటినీ కలిపి వాడుతుంది. స్కాట్స్‌కు ఇటువంటి సాధనాన్ని వాడేటప్పుడు ఇంగ్లీషు రూపాన్ని ప్రమాణంగా తీసుకుంటే, స్కాట్స్ పదాలన్నీ ఇంగ్లీషు తప్పులుగా లెక్కకు వస్తాయి. కావున నిఘంటువులోని స్కాట్స్ పదాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

ఆధార సామగ్రి

1700 వరకు గల భాషకు 12 సంపుటాల డిక్షనరీ ఆఫ్ ది ఓల్డర్ స్కాటిష్ టంగ్ (1931–2002), ఆ తరువాతి భాషకు 10 సంపుటాల స్కాటిష్ నేషనల్ డిక్షనరీ (1931–1976) ప్రధాన ఆధారాలు. ఇవి ప్రతి పదం క్రింద దాని రూపభేదాలను ఇస్తాయి. 2004 నుండి రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయం 2004లో ప్రారంభించిన స్కాట్స్ కార్పస్‌లో 40 లక్షలకు పైగా పదాల పాఠ్యం ఉంది.

పరిమితులు

ఒక రూపం మరొకదానిని పోలి ఉందని మాత్రమే యంత్రం చెప్పగలదు. అది నిజంగా వాడుకలో ఉన్న రూపమా, కల్పితమా అన్నది చెప్పలేదు. స్కాట్స్ వికీపీడియాలోని వేలాది వ్యాసాలను ఆ భాష రాని వ్యక్తి ఇంగ్లీషు పదాల అక్షరాలు మార్చి రాసినట్లు 2020లో వెల్లడైంది. అటువంటి పాఠ్యం చేరితే కల్పిత రూపాలు కూడా అసలు రూపాల సరసన నిలుస్తాయి. అలాగే, రూపాలన్నిటినీ ఒకటిగా కలిపిన తరువాత మూల రూపాన్ని చెరిపివేయకూడదు. పదాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా పలికారో తెలిపే సాక్ష్యం ఆ స్పెల్లింగులోనే ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* స్కాట్స్ భాష
* లెవెన్‌స్టైన్ దూరం
* సౌండెక్స్