రక్తం రిపోర్టులో ‘ఎఫ్‌ఎల్’ ఎక్కడి మాట?

సీబీపీ రిపోర్టు మనలో చాలామంది చేతికి వచ్చే ఉంటుంది. హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి మడిచి పెట్టేస్తాం. దాని కింద ఎంసీవీ అని ఒక లైను, పక్కన సుమారు 80 నుంచి 100 ‘ఎఫ్‌ఎల్’ అని ఉంటుంది. అది ఒక్కో ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. ఎఫ్‌ఎల్ అంటే ఫెమ్టోలీటరు. లీటరును కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే వచ్చేదన్నమాట.

ఇలాంటి పేర్లు ఒక్కసారిగా పుట్టలేదు. 1795లో ఫ్రాన్స్ వాళ్లు మెట్రిక్ చట్టం చేసినప్పుడు పెద్దవాటికి గ్రీకు, చిన్నవాటికి లాటిన్ అని పంచుకున్నారు. కిలో గ్రీకు, మిల్లీ లాటిన్. అప్పటికి మిల్లీతో ఆగారు. 1873లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం ‘మైక్రో’ను సిఫారసు చేసింది. అది గ్రీకు మాట, అంటే పాత పంపకం అక్కడే చెడింది. 1960లో ఎస్ఐ పద్ధతితో పాటు నానో, పికో కూడా అధికారికమయ్యాయి. నానోకి మూలం మరుగుజ్జు అనే అర్థమున్న గ్రీకు పదం. అంతకుముందు పికోఫారడ్‌ని ‘మైక్రో మైక్రో ఫారడ్’ అని తంటాలు పడి పలికేవాళ్లు.

మనకి అసలు ఆసక్తి 1964 దగ్గర. ఇంకా చిన్న కొలతలకు ఫెమ్టో, ఆటో అని రెండు పేర్లు చేర్చారు. అవి గ్రీకూ కాదు, లాటినూ కాదు. డేనిష్, నార్వేజియన్ భాషల్లో ‘ఫెమ్టెన్’ అంటే పదిహేను, ‘ఆటెన్’ అంటే పద్దెనిమిది. ఒకటి కింద పదిహేను సున్నాలు, పద్దెనిమిది సున్నాలు కాబట్టి ఆ అంకెలే పేర్లయ్యాయి. సంతలో కోళ్లు లెక్కపెట్టే మాటల్లాంటివే! అప్పట్లో ఆ రెండు దేశాల జనం కలిపినా కోటి లేరు. 2011 లెక్కల్లో మన గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు. ‘మీ భాష సైన్సుకేం పనికొస్తుంది’ అని హాస్టళ్లలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

1991లో జెప్టో, యోక్టో, 2022 నవంబరులో రోంటో, క్వెక్టో వచ్చాయి. వీటికి మళ్లీ లాటిన్, గ్రీకు అంకెల్నే కొంచెం వంచి వాడుకున్నారు.

రిపోర్టు సంగతి ఒక్కటి. ఎంసీవీ తక్కువుంటే ఐరన్ లోపం కావొచ్చు, తలసీమియా లక్షణమూ కావొచ్చు. అది సరిగ్గా ఉందని సికిల్ సెల్ లేదనుకోవద్దు. అది తేలాలంటే హెచ్‌పీఎల్‌సీ లాంటి వేరే పరీక్ష చేయించాల్సిందే.